పెంకుల్లో పాలజాడ

కాకా,

పెద్ద పెద్ద బిల్డింగుల ముచ్చట్లు రాయొద్దన్నవు గదా, రాయను. వెన్న ముచ్చట రాస్త.

డబ్లిన్ పట్నంలో కిల్డేర్ వీధిలో ఐర్లండ్ వాళ్ల జాతీయ మ్యూజియం ఉన్నది. వచ్చినోళ్లంత బంగారు హారాల ముందట గుమిగూడిన్రు. నేను ఒక అద్దాల పెట్టె కాడ ఆగిన. లోపల పాలిపోయిన పసుపురంగు ముద్ద, మైనం లెక్క గట్టిపడి ఉన్నది. చీటీ మీద ‘బాగ్ బటర్’ అని రాసిన్రు, అంటే ఊబినేలలో దొరికిన వెన్న.

ఈ దేశంలో వాన తెరిపియ్యదు. నీళ్లు నిలిచిన నేలల్లో నాచు, గడ్డి చచ్చి, గాలి తగలక సరిగ్గ కుళ్లక, పొర మీద పొర పేరుకుంటది. దాన్ని పీట్ అంటరు. తరతరాల సంది జనం ఆ పీట్‌ను ఇటుకల కొలతకు కోసి, ఎండబెట్టి, పొయ్యిలో కాల్చుకున్నరు. అట్ల కోస్తున్నప్పుడు కొయ్య తొట్లలో, చెట్టు పట్టల్లో, తోళ్లలో చుట్టి పెట్టిన ముద్దలు వందల కొద్ది బయటపడ్డయి. అది నిజంగ వెన్ననా, లేకపోతే పశువు కొవ్వు కరిగించి పోసిందా అని చానా ఏండ్లు అనుమానం ఉండె. 2019లో రసాయన పరీక్ష చేసి పాలకొవ్వే అని తేల్చిన్రు. అన్నిట్లకు పాతది క్రీస్తు పూర్వం 1700 ప్రాంతంది. ఎందుకు పాతిపెట్టిన్రు అంటే మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో మాట. చల్లగ ఉంటదని దాచుకున్నరని కొందరు, దేవతలకు ఇచ్చుకున్నరని కొందరు. నన్నడిగితే రెండూ అయి ఉంటయి. మన ఊర్లల్ల కూడా మొక్కుబడి ఏదో, నిల్వ ఏదో విడదీసి చెప్పుడు అంత తేలికనా?

ఆ పీట్ ఉన్నది చూడు కాకా, మన బొగ్గు కూడా ఒకప్పుడు అదే. పాతిక కోట్ల ఏండ్లకు ముందు మన గోదావరి లోయ చిత్తడి అడవి. ఆ ఆకులు, మానులు నీళ్లల్ల పడి పీట్ అయినయి. పైన ఇసుక, మట్టి ఎంతో మందంగ పేరుకుంటే ఆ బరువుకు, వేడికి బొగ్గయినయి. నువ్వు బాయిల పని చేసినన్నాళ్లు కప్పు షేల్ మీద నాలుక ఆకారంలో ఆకుల అచ్చులు కనబడుతయని చెప్పేటోనివి. వాటి పేరు గ్లోసోప్టెరిస్. టోపీలైటు వెలుతుర్ల చూసి ‘ఎవడో చెక్కిపోయిండు’ అని నవ్వేటోనివట. చెక్కినోడు ఎవడూ లేడు. గాలి తగలని చోట పడ్డది మిగిలింది, అంతే. ఊబిలో వెన్న మిగిలిన సంగతి కూడా గదే.

ఈ తొవ్వలోనే నేను బ్రిస్టల్ దాక వచ్చిన. ఇంగ్లండ్‌లో పడమటి దిక్కు పట్నం. ఈ ఊరి చుట్టూ ఒకప్పుడు బొగ్గు బాయిలుండె, ఇప్పుడు ఒక్కటీ లేదు. బాయిలు పోయినా ఇక్కడి యూనివర్సిటీలో ఒక చదువు మిగిలింది. బొగ్గులో, రాతినూనెలో ఏ చెట్టు, ఏ జీవి ఆనవాళ్లు ఉన్నయో కనుక్కునే చదువు. 1930లలో ఆల్‌ఫ్రెడ్ ట్రైబ్స్ అనే జర్మన్ రసాయనవేత్త రాతినూనెలో, బొగ్గులో పత్రహరితం అవశేషాలను గుర్తుపట్టిండు. కోట్ల ఏండ్ల కింద చచ్చిన ఆకు తన గుర్తు ఇడువలేదన్న మాట. బ్రిస్టల్‌లో జెఫ్రీ ఎగ్లింటన్ ఆ పద్ధతులను బలపరిచిండు. తర్వాత రిచర్డ్ ఎవర్‌షెడ్ వచ్చి, రాతిలో చదివినట్టే కుండ పెంకులో చదవొచ్చు గదా అన్నడు. బొగ్గు ల్యాబులో ఇన్నేండ్లు శాంపిల్ పొడిచేసి, కాల్చి, బూడిద శాతం రాసిన దాన్ని నేను. బూడిద లెక్క రాసుకున్నం గని, పోయిన ఆవిరిలో ఎంత కథ ఉండెనో మాకు పట్టలేదు. గ్రేడు వస్తే చాలు.

కుండ సంగతి చెప్త విను. మట్టి కుండకు గాజుపూత ఉండదు, ఒళ్లంత సన్నని రంధ్రాలు. మాంసం ఉడికినా, పాలు కాగినా కొంచెం కొవ్వు ఆ రంధ్రాల్లోకి దిగుతది. కొవ్వు నీళ్లలో కరగదు, కాబట్టి నేలలో పూడుకుపోయినా వానకు కొట్టుకపోదు. రంధ్రం ఎంత సన్నంగ ఉంటదంటే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చానాచోట్ల లోపలికి దూరలేవు. అట్ల వేల ఏండ్లు ఉంటది. తవ్వకంలో పెంకు దొరికితే పైపొర గీకి పారేసి, లోపలి మట్టిని రెండు గ్రాముల దాక పొడి చేస్తరు. క్లోరోఫాం, మెథనాల్ కలిపిన ద్రావకంలో ఆ పొడిని కడిగితే కొవ్వు దిగుతది. గ్రాము పొడికి 5 మైక్రోగ్రాముల కొవ్వు కూడా రాకపోతే ఆ పెంకును లెక్కలోకి తీసుకోరు. వచ్చిన దాన్ని క్రొమటోగ్రాఫ్‌లో ఎక్కిస్తే ఏ అణువు ఎంత ఉన్నదో గీత మీద గీత పడుకుంట వస్తది.

మొదట దొరికినవాటిలో ఒకటి గోబిపువ్వు కుటుంబం ఆకుకూర. నార్తాంప్టన్‌షైర్‌లో వెస్ట్ కాటన్ అనే పాత పల్లె కుండల్లో ఎవర్‌షెడ్, ఆయన తోటివాళ్లు 1991లో ఆకుమైనం పట్టుకున్నరు. క్యాబేజీ మీద నీళ్లు పోస్తే జారిపోతయి చూడు, ఆ మైనం. ఇంకో చిత్రం, ఉడకబెట్టే కుండల్లో కొవ్వు అడుగున కాదు, అంచు దగ్గర ఎక్కువ దొరుకుతది. ఉడికేటప్పుడు కొవ్వు పైకి తేలుతది గదా. అంటే పెంకు కుండలో ఏ భాగందో తెలిస్తే వంట ఎట్ల చేసిన్రో కొంత తెలుస్తది.

అసలు వింత పాల దగ్గర ఉన్నది. మాంసం కొవ్వు, పాలకొవ్వు పాతబడితే రెండూ ఒక్కతీర్గనే కనబడతయి. రెండింటిలో మిగిలేవి పామిటిక్, స్టియరిక్ అనే రెండు ఆమ్లాలు. మొదటిదాంట్ల పదహారు కర్బనాలు, రెండోదాంట్ల పద్దెనిమిది. మరి వేరు చేసుడు ఎట్ల? 1998లో స్టెఫనీ డడ్, ఎవర్‌షెడ్ ఒక ఉపాయం చూపెట్టిన్రు. ఆవు పొదుగు పదహారు కర్బనాల ఆమ్లాన్ని తానే తయారు చేసుకుంటది. పద్దెనిమిది కర్బనాలది చేసుకోలేదు, నెత్తురు నుంచి తీసుకోవాలె. ఆ నెత్తుట్లకు వచ్చేది చానావరకు ఆవు మేసిన గడ్డిలోని కొవ్వు, కడుపులో సూక్ష్మజీవులు మార్చి ఇచ్చింది. గడ్డి కొవ్వులో బరువు కర్బనం, అంటే కార్బన్-13, తక్కువ. కాబట్టి పాలలో పద్దెనిమిది కర్బనాల ఆమ్లం పదహారుదానికన్న తేలికగ ఉంటది. ఒంట్లో పట్టే కొవ్వు విషయంలో ఆవు రెండింటినీ తానే చేసుకుంటది, తేడా అంత పడదు. ఆ తేడా వెయ్యికి 3.3 కన్న ఎక్కువ ఉంటే పాలు, తక్కువ ఉంటే గొడ్డు, మేక మాంసం, ఇంకా తక్కువైతే పంది. తూకం కర్బనంది, దొరికింది పాలు. ఇంత చిన్న తేడా కొలిచే మిషన్‌ను తయారు చేసిన మనిషికి దండం పెట్టాలె.

ఆ తూకం పట్టుకొని పరిశోధకులు లోకమంత తిరిగిన్రు. స్టోన్‌హెంజ్ పేరు నువ్వు ఇన్నవు, నిట్టనిలువు రాళ్లు. దాని పక్కనే డరింగ్టన్ వాల్స్ అనే చోటున్నది, నాలుగున్నర వేల ఏండ్ల కింద ఆ రాళ్లు నిలబెట్టినోళ్లు గుడిసెలేసుకొని ఉన్న ఊరు. అట్లాంటి గుడిసెలను స్టోన్‌హెంజ్ సందర్శకుల కేంద్రం కాడ మల్ల కట్టి చూపెడుతున్నరు. గడ్డి కప్పు, సుద్ద గోడలు, నడుమ పొయ్యి. లోపలికి పోతే పొగ వాసన. డరింగ్టన్ కుండలను 2015లో ఆలివర్ క్రెయిగ్ బృందం పరీక్షించింది. ఇండ్ల దగ్గర దొరికిన కుండల్లో పంది కొవ్వు, గొడ్డు కొవ్వు. నిలువు మొద్దులు పాతిన వలయం దగ్గర దొరికిన కుండల్లో పాలు ఎక్కువ. ఊరంత జమై తిన్నది మాంసం, పూజ లెక్క చేసే చోట వాడింది పాలు అన్నట్టున్నది. పందులు ఎక్కువగ తొమ్మిది నెలల వయసులో కోసినవి, చలికాలం నడుమ. అక్కడి పందుల దంతాలు చూసి, కొన్ని స్కాట్లండ్ లాంటి దూర ప్రాంతాల నుంచి తోలుకొచ్చినవని 2019లో చెప్పిన్రు. మేడారం జాతరకు బండ్లు కట్టుకొని మేకలను, కోళ్లను తోలుకపోయిన నువ్వు ఈ ముచ్చట విని ఆశ్చర్యపోవు. నేనే ఆశ్చర్యపోయిన.

పోలండ్‌లో కుయావియా అనే ప్రాంతంలో ఏడువేల ఏండ్లనాటి మట్టి జల్లెడలు దొరికినయి. అవి జున్ను వడగట్టేటివి అని పీటర్ బోగుకి అనే ఆయన 1980లలోనే అన్నడు. నమ్మినోళ్లు తక్కువ. 2013లో బ్రిస్టల్ వాళ్లు వాటిని పరీక్షిస్తే పాలకొవ్వే వచ్చింది. అంతకంటె చిత్రం, అప్పటి ఐరోపా జనంలో దాదాపు ఎవ్వరికీ పెద్దయినంక పాలు అరిగేటివి కావు. అరిగించే జన్యువు అంతటా వ్యాపించింది క్రీస్తు పూర్వం 1000 దగ్గరికే. 2022లో ఎవర్‌షెడ్ పెద్ద బృందంతో 554 చోట్ల దొరికిన 13 వేల పైచిలుకు పెంకుల లెక్క అంత ఒక్కచోట పెట్టిండు. పాలు వాడుతనే ఉన్నరు, అరిగేటి జన్యువు మాత్రం వేల ఏండ్లు రాలేదు. కరువు, రోగం వచ్చినప్పుడే పాలు అరగనోళ్లకు ప్రాణం మీదికి వచ్చి ఉంటది, అట్ల అరిగేటోళ్లు మిగిలిన్రు అని వాళ్ల వాదన.

నీకు పాలు తాగితే కడుపు ఉబ్బుతదని డాక్టరు ఇప్పుడు చెప్తున్నడు. చల్ల ఎంత తాగినా నీకు ఏమీ కాదు. ఏడువేల ఏండ్ల కింద జల్లెడ చేసిన కుమ్మరి కూడా నీ బాధ పడ్డోడే అయి ఉంటడు.

ఇగ మన దేశం సంగతి. హర్యానా, పడమటి ఉత్తరప్రదేశ్‌లలో సింధు నాగరికత ఊర్లున్నయి గదా, రాఖీగఢీ, ఫర్మానా, మసూద్‌పూర్, ఆలంగీర్‌పూర్ వంటివి. అక్కడి 172 పెంకులను అక్ష్యేత సూర్యనారాయణ్ అనే ఆమె కేంబ్రిడ్జిలో పరిశోధన చేస్తూ పరీక్షించింది, 2020 చివర్ల ఫలితం బయటికి వచ్చింది. జంతువుల కొవ్వే ఎక్కువ. గొడ్లు, బర్లు, గొర్రెలు, మేకలు, పందులు. పాలజాడ కొన్ని కుండల్లోనే. పేపర్లలో ఇది వచ్చినంక ఎంత కొట్లాటో! ‘మనోళ్లు మాంసం తిన్నరా’ అని కొందరు, ‘తిన్నరు గదా’ అని కొందరు. ఆమె రాసింది మాత్రం ఎంతో జాగ్రత్తగ రాసింది. ఆ ఊర్లలో దొరికిన ఎముకల్లో పంది ఎముకలు వందకు రెండు మూడే. మరి కుండల్లో పంది కొవ్వు పోలిక అంత ఎక్కువ ఎట్ల వచ్చింది? గొడ్డు కొవ్వు, మొక్కల నూనె కలిసినా ఆ తూకమే రావొచ్చు అన్నది. కొట్లాడేటోళ్లు ఆ ముక్క చదవలేదు.

ఇంకొక చిక్కున్నది. ఐరోపా గడ్డికి, మన జొన్న చొప్పకు, సజ్జ చొప్పకు కర్బనం తూకం ఒక్కటి కాదు. మన గొడ్లు తినేటివి చానావరకు బరువు కర్బనం పట్టుకునే జాతి గడ్డి. కాబట్టి ఇంగ్లండ్ లెక్కలు ఇక్కడ పెట్టి చూస్తే తప్పు పోతది. పైగ మన ఎండ. వేడి నేలలో కొవ్వు తొందరగ విరిగిపోతది. ఐర్లండ్ ఊబిలో మూడువేల ఏండ్ల వెన్న దొరికిందని మన రామగుండం ఎండలో కూడా దొరుకుతదనుకోవద్దు. అయినా గుజరాత్‌లో కోటడా భాడ్లీ అనే చిన్న ఊర్ల క్రీస్తు పూర్వం 2500 దగ్గరి 59 పెంకులను పరీక్షిస్తే 22 పెంకుల్లో కొవ్వు దొరికిందని, పాలు అక్కడ వాడిన్రని కల్యాణ్ శేఖర్ చక్రవర్తి బృందం 2020లో రాసిన్రు. ఆ పాలు ఆవులవి, బర్లవి. మేకలను మాంసానికే పెంచిన్రని వాళ్ల లెక్క.

ఫర్మానాలోనే 2010లో ఇంకో పద్ధతి చేసిన్రు. కొవ్వు కాదు, పిండి రేణువులు. అరుణిమ కశ్యప్, స్టీవ్ వెబర్ ఒక వంటకుండలో అల్లం, పసుపు, వంకాయ రేణువులు కనిపెట్టిన్రు. అల్లం, పసుపు రేణువులు మనుషుల పండ్లకు పట్టిన పాచిలో కూడా దొరికినయి. నాలుగువేల ఏండ్లకు పైబడిన వంకాయ కూర. పసుపు లేని కూర కూరనా అంటవు నువ్వు, వాళ్లూ అదే అనుకున్నట్టున్నది.

ఇగ అసలు ముచ్చటకు వస్త. నీకు రాయాలనుకున్నది దీని గురించే.

కుండ పెంకు కొవ్వునే దాచుకుంటది. గటుకను దాచుకోదు. జొన్నలో, కొర్రల్లో, ఉలవల్లో కొవ్వు ఎంత ఉంటది? ఏడాది పొడుగునా గటుక కాచిన కుండలో పండుగ నాడు ఒక్కసారి యాట మాంసం ఉడికితే, వేల ఏండ్ల తర్వాత మిషన్‌కు వినబడేది ఆ యాటనే. కాలిఫోర్నియాలో 2020లో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. ఏడుగురు పరిశోధకులు ఏడాది పాటు ఒక్కొక్కరు ఒక్కో కుండలో వారం వారం వండిన్రు, చివరికి వంట మార్చిన్రు. అంటుకొని మాడిన పొర చివరి వంట గురించి చెప్తది, గోడలో దిగిన కొవ్వు పాత వంటల కలగలుపు చెప్తది అని తేలింది. కుండలో జ్ఞాపకం ఉన్నది గని అది కూలినాలి రోజుల జ్ఞాపకం కాదు, పండుగ జ్ఞాపకం. దీన్ని మనోళ్ల దగ్గర గుర్తుపెట్టుకోకపోతే మనం చదివేదంత పటేలు ఇంటి చరిత్రే అయితది.

మన తెలంగాణలో దీనికి మంచి ఉదాహరణ ఉట్నూరు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు కాకా, పాత పాలమూరు జిల్లాది. 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ అనే ఇంగ్లీషాయన అక్కడి బూడిద దిబ్బ తవ్విండు. అది రాక్షసులు కాలిన బూడిద అని జనం అనుకునేటోళ్లు. తవ్వితే పశువుల దొడ్డి. పేడ పేరుకుంటే మల్ల మల్ల కాల్చిన్రు. బూడిద పొరల మధ్య గొడ్ల గిట్టల అచ్చులు అట్లనే ఉన్నయి. ఆయన 1963లో పుస్తకం రాసి దక్షిణాది పశుపాలకులు అని వాళ్లకు పేరు పెట్టిండు. ఆ పుస్తకం చదివినోడు వాళ్లు మాంసం, పాలు తప్ప ఇంకేం తినలేదనుకుంటడు.

తర్వాత డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్ లాంటోళ్లు కర్ణాటక, రాయలసీమల్లో ఆ కాలపు ఊర్ల మట్టిని నీళ్లల్ల వేసి కలిపిన్రు. కాలిన గింజలు తేలుతయి. తేలినవాటిలో మళ్లీ మళ్లీ కనబడ్డవి అండుకొర్రలు, పెసలు, ఉలవలు. గోధుమ, బార్లీ తర్వాత వచ్చినయి. సజ్జలు ఆఫ్రికా నుంచి ఇంకా తర్వాత. గొడ్లను కాసిన మనుషులు రోజూ తిన్నది చిరుధాన్యం, పప్పుధాన్యం అన్నమాట. పంటలు మారినకొద్ది కుండల ఆకారం కూడా మారింది, వాటికి లంకె ఉన్నదని 2005లో ఫుల్లర్ వాదించిండు. నాకు ఇది న్యాయంగ అనిపించింది. గటుకకు వెడల్పు మూతి కావాలె, తిప్పాలె గదా. చారుకు, చల్లకు ఇరుకు మూతి సాలు.

ధాన్యం అసలు మాట్లాడదనుకోవద్దు. వరిగెల్లో మిలియాసిన్ అనే పదార్థం ఉంటది. 2016లో కార్ల్ హెరాన్, ఆయన జతగాళ్లు కొరియాలో, పోలండ్‌లో పాత కుండల్లో దాన్ని పట్టుకున్నరు, వరిగెల గంజి ఉడికిందనేదానికి రసాయన సాక్ష్యం అదే మొదటిది. మన కొర్రలకు, అండుకొర్రలకు, ఉలవలకు అట్లాంటి గుర్తు ఏదన్నా దొరికితే మన దగ్గరి కథ తిరగబడ్తది. ఇది ఎవరో ఇంగ్లండ్ ప్రొఫెసర్ చేయాల్సిన పని కాదు. ఉలవచారు రుచి తెలిసినోడు చేయాలె.

మన పక్కనే చూడు. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరు ఉన్నది గదా, నువ్వు సైకిల్ మీద ఎన్నిసార్లో పోయినవు. 1960ల చివర్ల, 70లలో పురావస్తు శాఖ అక్కడ తవ్వితే ఇటుక గోడలు, బావులు, కమ్మరి పని చేసిన జాగా, సాతవాహనుల నాణేలు బయటపడ్డయి. ధూళికట్టలో బౌద్ధ స్తూపం. గోదావరి ఒడ్డున, పెద్దవాగు కలిసే కాడ కోటిలింగాల, సాతవాహనుల తొలి రాజులది అనుకునే నాణేలు దొరికిన ఊరు. కదంబాపూర్‌లో రాకాసిగుళ్లు, అంటే పాతకాలం రాతి సమాధులు తవ్విన్రు, లోపల నలుపు-ఎరుపు కుండలు పెట్టి పూడ్చినయి. వి.వి. కృష్ణశాస్త్రి 1983లో వచ్చిన తన పుస్తకంలో వీటి గురించి వివరంగ రాసిండు. ఇంత ఉన్నది. నాణేల మీద పుస్తకాలు వచ్చినయి, స్తూపం మీద వచ్చినయి. ఆ నాణెం ఇచ్చి కొన్న చేప ఏ కుండలో ఉడికిందన్న సంగతి ఎవరికి పట్టింది?

చేప సంగతి ఎందుకన్ననంటే, జపాన్‌లో జోమోన్ కుండలు పదిహేనువేల ఏండ్లవి ఉన్నయి, వ్యవసాయం రాకముందటివి. 2013లో అక్కడి 101 కుండలను పరీక్షిస్తే ఎక్కువగ నీళ్లలో బతికే జీవుల కొవ్వే వచ్చింది. చేప కొవ్వును బాగ కాచితే పుట్టే కొన్ని అణువులున్నయి, అవి దొరికితే చేప వండిన్రని గట్టిగ చెప్పొచ్చు. కోటిలింగాల పెంకుల్లో చూసేది ముందు అదే అంట నేను. గోదావరి పక్కనే ఉండి బొమ్మె చేప, వాలుగ చేప తినకుండ ఎవరు ఉంటరు?

ఇందులో మన బొగ్గు ప్రాంతానికి ఒక ఇబ్బంది ఉన్నది. ఓసీపీ, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గని, మొదలుపెట్టేటప్పుడు ముందు ఎత్తేది పైమట్టి. బొగ్గు లోపల పాతిక కోట్ల ఏండ్ల కథ. మనిషి కథ ఉండేది మాత్రం ఆ పైన గజం, రెండు గజాల మట్టిలోనే. డంపర్‌కు ఈ తేడా తెల్వదు. ఆ ఎత్తిన మట్టి (ఓబీ) కుప్పలో పోసినంక ఆ పెంకు ఏ ఊరిదో, ఏ పొరదో ఎవరూ చెప్పలేరు. బొగ్గు తియ్యొద్దంటలేను, మన ఇంట్ల బువ్వ అదే. ఎత్తే ముందు ఒక్క మనిషి నడిచి చూడొచ్చు, మట్టిని ఒక బకెట్ నీళ్లల్ల వేసి తేలిన గింజలు చూడొచ్చు. జిల్లా మారినా, కంపెనీ బోర్డు మారినా ఇది పెద్ద ఖర్చు కాదు.

అందుకే నీకు ఒక పని చెప్తున్న. మన చిన్నోడు, వాడి బడి పిల్లలు పొలంగట్ల మీద పెంకులు ఏరుకొచ్చి రుద్ది రుద్ది కడుగుతరని వదిన చెప్పింది. కడగొద్దను. బ్రష్షు పెట్టొద్దను. చేతితో ఎక్కువ పట్టుకోవద్దను, మన వేళ్ల జిడ్డు పెంకు మీదికి ఎక్కుతది. స్క్వాలీన్ అనే పదార్థం ఎక్కువ కనబడితే ఇది పాత కొవ్వు కాదు, ఏరినోని చెయ్యి అని ల్యాబులో పట్టుకుంటరు. ప్లాస్టిక్ కవర్ల కూడా పెట్టొద్దు, దాంట్లోంచి రసాయనం దిగుతది. అల్యూమినియం రేకులో చుట్టి, ఎక్కడ దొరికిందో చీటీ రాసి పెట్టాలె. ఇంకా మంచిదేందంటే ఏరకుండా అక్కడనే ఉంచి కరీంనగర్ మ్యూజియం వాళ్లకు చెప్పుడు. పొలంలో ఉన్న పెంకుకు పొర ఉంటది, జేబులో ఉన్న పెంకుకు ఉండదు.

ఇంకొక సంగతి కూడా కావాలె. పరిశోధన చేసేటోళ్లను సతాయించే ప్రశ్న ఇది. కొత్త కుండను పొయ్యి మీద పెట్టే ముందు ఏదో ఒకటి పోసి రంధ్రాలు పూడుస్తరు గదా, కొన్నిచోట్ల పాలు, కొన్నిచోట్ల తేనెమైనం, చెట్టు జిగురు. ఆ మొదటి పూత కూడా గోడలోనే ఉండిపోతది, దాన్ని వంట అని పొరపడే ప్రమాదం ఉన్నది. మన దిక్కు గంజి కాచుడు నాకు తెలుసు. అంతకుముందు ఇంకేమన్న పోసేటోళ్లా? చిన్నమ్మను అడుగు, కుమ్మరి సాయిలు వాళ్ల ఇంట్ల ముసలమ్మను కూడా అడుగు. ఏ మట్టికి ఏం పోసేటోళ్లో, ఎన్నిసార్లు పోసేటోళ్లో అడిగి రాయి. పాలకుండకు, కూరకుండకు, కల్లు లొట్టికి వేరువేరుగ ఉంటే అట్లనే వేరువేరుగ రాయి.

నేను రేపు యార్క్ పోతున్న. నీ జాబు అక్కడికి పంపు, చిరునామా తమ్మికి ఇచ్చిన.

నీ బిడ్డ